గాటు

పెనుబల్లి అంటే పెద్ద బల్లి కాదు. ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే బస్సులో ఈ పేరు విని కొత్తవాళ్లు నవ్వుకుంటారు గానీ, అది పెద్ద పల్లె. పూతోట పూదోట అయినట్టే, 'పెను' పక్కన చేరిన పల్లిలో పకారం మెత్తబడి బకారమైందనుకోవడమే సబబు. పేర్లు ఇలా పక్కదారి పట్టిస్తాయి. ఆపరేషన్ థియేటర్లో పేర్లు మరీను.

పొట్ట మీద తొలి కోత స్కాల్పెల్‌తో పెట్టాలా, కరెంటుతో కోసే డయాథర్మీతోనా? ఇది సర్జన్ల పాత తగవు.

లాటిన్‌లో 'స్కాల్పెరె' అంటే గీయడం, గోకడం, చెక్కడం. 'స్కాల్పెల్లుం' అంటే గీసే చిన్న కత్తి. తాటిగెలకు కత్తిపెట్టే గౌడు పనిని మనమూ గీత అనే అంటాం. భద్రాచలం అడవుల్లో జీలుగు చెట్టెక్కే కోయలదీ అదే పని. (కోయ పేరును కోయడానికి ముడిపెట్టకండి, వాళ్లు తమను కోయితూర్ అని చెప్పుకుంటారు.) కాబట్టి స్కాల్పెల్‌ను గీతకత్తి అంటే లాటిన్ పండితుడు కాదనలేడు. బల్ల మీద పడుకున్నవాడు కాదనవచ్చు.

డయాథర్మీ ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల మాట. జర్మన్ వైద్యుడు నాగెల్‌ష్మిట్ గ్రీకు ముక్కలతో కట్టాడు: 'డియా' అంటే గుండా, 'థెర్మె' అంటే వేడి. ఈ థెర్మెకు సంస్కృత దాయాది ఘర్మం. వేదంలో ఘర్మమంటే వేడి, కాగిన పాలు. మన దగ్గరికి వచ్చేసరికి చెమట. కారణం జారిపోయి కార్యం మిగిలింది.

కీళ్లకు లోతుగా కాపడం పెట్టే యంత్రానికి ఆ పేరు నప్పింది. సర్జరీలో నప్పదు. ఇక్కడ ఒంటి గుండా పోయేది కరెంటు, వేడి కాదు. పనిముట్టు మొన దగ్గర కరెంటంతా ఇరుకున పడి కణాల్లోని నీటిని ఆవిరి చేస్తుంది. కరెంటు తిరిగివెళ్లే తొడ కింది ప్లేటు వెడల్పు గనక అక్కడ ఆ వేడి పుట్టదు. 1926లో బోస్టన్‌లో సర్జన్ హార్వీ కుషింగ్ వాడిన యంత్రాన్ని చేసినవాడు విలియం బోవీ. అమెరికాలో నేటికీ దాన్ని 'బోవీ' అనే పిలుస్తారు. తగవు లేని పేరు.

మన థియేటర్లలో 'కాటరీ' అంటారు. అదింకో పొరపాటు. కాటరీ అంటే కాల్చిన ఇనుము. గ్రీకు 'కాయో', కాలుస్తాను, దాని మూలం. మన ఎండ 'కాయడం'తో దీన్ని కలపాలని చేయి దురద పెడుతుంది. కలపకూడదు, చుట్టరికం లేదు.

కాటరీకి అచ్చమైన తెలుగు వాత. కర్రు కాల్చి పెట్టేది అదే. సుశ్రుతుడు దాన్ని అగ్నికర్మ అన్నాడు, అగ్నితో మానిన రోగం తిరగబెట్టదని మెచ్చుకున్నాడు. సర్జన్లకు మాత్రం వాత అంటే బెదురు: కాలిన చర్మం సరిగ్గా అతకదనీ, చీము పడుతుందనీ. 2017లో వైద్య ఆధారాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 16 అధ్యయనాలను, 2,769 మందిని లెక్కలోకి తీసుకుని చూస్తే, చీము పట్టడంలో స్కాల్పెల్‌కూ డయాథర్మీకీ స్పష్టమైన తేడా తేలలేదు. ఆధారాలు మరీ గట్టివి కావనీ అదే చెప్పింది. ఆ బెదురులో సగం పేరు పెట్టిందేనని నా అనుమానం. డయాథర్మీ మొన కర్రులా ముందే కాలి ఉండదు. వేడి కండలోనే పుడుతుంది.

ఇక కోత. కోయు నుంచి కోత. వరికీ అదే, పొట్టకూ అదే. అయినా పొట్ట కోసే ఏ డాక్టరూ 'కడుపుకోత' అనలేడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ మాటను ఎప్పుడో తీసేసుకుంది. సిజేరియన్‌ను మనవాళ్లు 'పెద్దాపరేషన్' అనడంలో ఈ జంకు కూడా ఉందేమో.

అందుకే నా ఓటు గాటుకు. పనిముట్టు ఇనుమా, కరెంటా అన్న పేచీ దానికి లేదు. చర్మం మీద పడ్డ గీతను మాత్రమే చెబుతుంది. ఒత్తు తగిలిస్తే ఘాటు. డయాథర్మీ నడిచేటప్పుడు థియేటర్లో లేచే పొగ అదే. ఆ పొగ పీల్చడం మంచిది కాదని గాటు పక్కనే గొట్టం పెట్టి లాగిస్తారు. స్కాల్పెల్‌కు ఆ ఖర్చు లేదు.