ఖైదీలలో మెదడు గాయాల గుర్తింపు

ఖైదీలలో మెదడు గాయాల గుర్తింపు అనగా జైలుకు వచ్చిన వ్యక్తికి గతంలో తలకు దెబ్బ తగిలి మెదడు దెబ్బతిన్నదేమో తెలుసుకొనడానికి నిర్ణీత ప్రశ్నలతో జరిపే ప్రాథమిక పరిశీలన. ఇది రోగ నిర్ధారణ కాదు. నిపుణుల పరీక్ష ఎవరికి అవసరమో ఇది సూచిస్తుంది.

ఆవశ్యకత

ఆవేశాన్ని అణచుకొనడానికి, ఆలోచించి నిర్ణయం తీసుకొనడానికి మెదడు ముందుభాగం తోడ్పడుతుంది. అది దెబ్బతిన్నవారిలో మతిమరుపు, తొందరపాటు, కోపం, ఏకాగ్రతాలోపం కనిపించవచ్చు. గాయం పైకి కనబడదు. అందువల్ల ఆజ్ఞను మరచిపోయిన ఖైదీని ధిక్కరించినవాడిగా భావించి శిక్షించే ప్రమాదం ఉంది.

విస్తృతి

అనేక అధ్యయనాలను క్రోడీకరించి 2010లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం నేరస్థులలో సుమారు 60 శాతం మందికి మెదడు గాయాల చరిత్ర ఉంది. స్కాట్లండు జైళ్ళలోని 109 మంది స్త్రీలపై గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. వారిలో 78 శాతం మందికి గతంలో తలకు తీవ్రమైన దెబ్బలు తగిలినట్లు తేలింది. పలువురికి అవి గృహహింస వల్ల పదేపదే తగిలిన దెబ్బలు.

విధానం

"మీ మెదడుకు గాయమైందా?" అని నేరుగా అడిగితే చాలామంది లేదంటారు. కనుక వాహన ప్రమాదం, ఎత్తునుండి పడిపోవడం, కొట్లాట, ఆటలు వంటి సందర్భాలను ఒక్కొక్కటిగా గుర్తుచేస్తారు. దెబ్బ తగిలినప్పుడు స్పృహ తప్పిందా, ఎంతసేపు, మొదటి దెబ్బ ఏ వయసులో అన్నవి తరువాత అడుగుతారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రశ్నావళి ఈ పద్ధతిలోనిదే.

ఇంగ్లండులోని డ్రేక్ హాల్ మహిళా జైలులో డిసెబిలిటీస్ ట్రస్టు అనే స్వచ్ఛంద సంస్థ ఇటువంటి పరిశీలన జరిపింది. గాయం ఉన్నవారికి తోడ్పడడానికి ఒక ప్రత్యేక కార్యకర్తను కూడా నియమించింది. 2019లో వెలువడిన నివేదిక ప్రకారం పరిశీలించిన స్త్రీలలో 64 శాతం మందిలో మెదడు గాయాన్ని సూచించే చరిత్ర కనబడింది.

పరిమితులు

సమాధానాలు ఖైదీ జ్ఞాపకంపై ఆధారపడతాయి. మద్యం, మాదకద్రవ్యాలు, మానసిక వ్యాధులు కూడా ఇటువంటి లక్షణాలనే కలిగిస్తాయి. గాయమే నేరానికి కారణమని ఈ పరిశీలన నిరూపించదు, శిక్షను రద్దు చేయదు.

ఉపయోగం

గాయం తెలిసినప్పుడు సిబ్బంది ఒకసారి ఒకే విషయాన్ని చిన్న వాక్యాలలో చెప్పవచ్చు, ముఖ్యమైన తేదీలను వ్రాసి ఇవ్వవచ్చు. విడుదలైన తరువాత కూడా వైద్యుని వద్దకు, అధికారుల వద్దకు సమయానికి వెళ్ళడానికి ఇవి ఉపకరిస్తాయి. ఇటువంటి సహాయం తోడు కానప్పుడు గుర్తింపు వల్ల ఖైదీకి కలిగే ప్రయోజనం స్వల్పం.