గడ్డం బ్రష్షులో దొమ్మ రోగం

గడ్డం గీసుకునే బ్రష్షుకు కూడా ఒక చరిత్ర ఉంటుందా అని పాఠకులకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కొంతకాలం క్రిందట చవకగా దొరికింది కదా అని బజారులో ఒక బ్రష్షు కొన్నాను. అది అసలైన బాడ్జరు వెంట్రుకతో చేసినదని డబ్బా మీద అచ్చువేసి ఉన్నది. ఇంటికి తెచ్చి గోరువెచ్చని నీళ్ళలో నానవేయగానే గదంతా తడిసిన మేక వాసన! నాలుగు రోజులు వరుసగా సబ్బుతో కడిగితేగాని ఆ వాసన వదలలేదు. మొదటి వారం గీసుకున్నప్పుడల్లా రెండు మూడు వెంట్రుకలు ఊడి చెంపకు అంటుకునేవి. ఆ తరువాత కుదురుకున్నది. ఇప్పుడు కొంచెం సబ్బుకే దండిగా నురుగు తెస్తున్నది. పెట్టిన డబ్బుకు పనితనంలో లోటేమీ లేదు.

అయితే ఆ వాసన వల్ల నాకొక సందేహం కలిగింది. ఈ వెంట్రుక ఏ జంతువుది? అది ఎలా చచ్చింది? నా చెంపమీదికి వచ్చేలోగా ఈ వెంట్రుకను ఎవరైనా శుద్ధి చేశారా? వెనుక ఒకప్పుడు ఈ ప్రశ్నలను సకాలంలో అడిగినవారు లేకపోవడం వల్ల, చవక బ్రష్షులు వాడిన రెండువందల మందికి పైగా మనుషులు జబ్బు పడ్డారు. వారిలో ఎక్కువమంది సైనికులు. ఆ కథే ఈ వ్యాసం.

ముందుగా బాడ్జరు సంగతి. ఇది యూరపు, ఆసియా ఖండాలలో బొరియలు త్రవ్వుకొని, రాత్రిపూట తిరిగే పొట్టికాళ్ళ జంతువు. నీరుకుక్క కుటుంబానికి చెందినది. తెల్లని ముఖంమీద రెండు నల్లని చారలుంటాయి. దీని వెంట్రుకను ఒక్కటి తీసి వెలుతురులో చూస్తే మూడు రంగులు కనబడతాయి: మొదట తెలుపు, నడుమ నలుపు, కొసన మళ్ళీ తెలుపు. కొస సూదిమొనలాగా సన్నగా ఉండి, నడుమ లావెక్కి, మొదటికి వచ్చేసరికి మళ్ళీ సన్నబడుతుంది. ఇటువంటి వెంట్రుకలను కొన్నివేలు కట్టగా కట్టితే కొసలు మెత్తగా ఉంటాయి; మధ్య సందులలో నీరు నిలుస్తుంది. దీపపు వత్తి నూనెను పట్టి ఉంచేది ఏ సూత్రం వల్లనో, ఇక్కడ నీరు నిలిచేది కూడా ఆ కేశనాళికా సూత్రం వల్లనే. పంది వెంట్రుక ఇంత సుకుమారమైనది కాదు, బిరుసుగా ఉంటుంది. గుర్రపు జూలు, తోకల వెంట్రుక ఈ రెండింటికీ నడిమి రకం.

బాడ్జరు వెంట్రుక కొంచెమే దొరుకుతుంది కనుక దాని వెల ఎప్పుడూ ఎక్కువే. వెల ఎక్కువైన ప్రతి వస్తువుకూ ఒక కాకిబంగారం పుడుతుంది కదా! గుర్రపు వెంట్రుకను తెల్లగా చలువచేసి, నడుమ మాత్రం నల్లరంగు వేసి, బాడ్జరును పోలిన బ్రష్షులు కట్టేవారు. దానిని నకిలీ బాడ్జరు అనేవారు. వ్యాపారంలో ఇది రహస్యమేమీ కాదు. కొనేవాడు మాత్రం నలుపుతెలుపు పట్టీ చూచి మురిసిపోయేవాడు. ఇంతవరకు ఇందులో మోసం ఉంటే ఉండవచ్చుగాని, ప్రాణాపాయం లేదు. అపాయం ఎలా వచ్చిందో తెలియాలంటే గుర్రాలకు, గొర్రెలకు, పశువులకు వచ్చే ఒక జబ్బును గురించి చెప్పుకోవాలి.

మన పల్లెలలో దొమ్మ రోగం అనే మాట వినని కాపరి ఉండడు. నిన్నటిదాకా మేసిన గొర్రె ఉన్నట్టుండి పడి చస్తుంది. ముక్కునుండి, నోటినుండి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఆంత్రాక్సు అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు బొగ్గు అని అర్థం. మనిషి చర్మానికి ఈ రోగం అంటినప్పుడు పుండు మీద బొగ్గులాంటి నల్లని పెచ్చు కడుతుంది. అందువల్ల ఆ పేరు వచ్చింది. విశాఖ మన్యంలో చచ్చిన పశువుల మాంసం కోసినవారికి ఇటువంటి పుండ్లు వచ్చిన సంఘటనలు మన కాలంలోనూ ఉన్నవి.

ఈ రోగానికి కారణమైన బాక్టీరియా జీవితకథను పూర్తిగా విప్పి చెప్పినవాడు రాబర్ట్ కాక్. అప్పుడాయన పెద్ద ఆచార్యుడు కాడు, వోల్‌ష్టైన్ అనే చిన్న ఊరిలో జిల్లా వైద్యుడు. ఎద్దు కంటిలోని ద్రవంలో ఈ బాక్టీరియాను పెంచి, సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూస్తూ కూర్చున్నాడు. కడ్డీలవంటి ఆ జీవులు దారాలుగా సాగి, దారాలలో ముత్యాలవంటి సిద్ధబీజాలు ఏర్పడడం కనిపెట్టాడు. 1876లో ఆ సంగతి ప్రకటించాడు. బాక్టీరియా కడ్డీ రూపంలో ఉన్నంతకాలం సుకుమారమైనది. చచ్చిన పశువును కోయకుండా ఉంచితే లోపలి కుళ్ళులో అది నశిస్తుంది. గాలి తగిలినప్పుడే సిద్ధబీజాలు పుడతాయి. దొమ్మతో చచ్చిన పశువును కోయవద్దు, చర్మం ఒలవవద్దు, లోతుగా పూడ్చండి అని పశువైద్యులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

సిద్ధబీజం ఏర్పడిందా, ఇక దానికి ఎండా, చలీ, కరువూ ఒక లెక్క కాదు. స్కాట్లండు తీరాన గ్రూనార్డు అనే చిన్న దీవి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942లో, బ్రిటిషు ప్రభుత్వం అక్కడ గొర్రెలమీద ఆంత్రాక్సు బాంబులు ప్రయోగించి చూచింది. 1986లో సముద్రపు నీటిలో ఫార్మాల్డిహైడు కలిపి ఆ నేలనంతా తడిపేవరకు ఎవరూ అక్కడ నివసించలేకపోయారు. 1990లోగాని దీవి నిరపాయమని ప్రకటించలేదు. నేలలోనే అన్నేళ్ళు బ్రతికిన సిద్ధబీజం, చచ్చిన గుర్రపు తోకమీద ఎండిన రక్తపు చుక్కలో ఓడ యెక్కి సముద్రాలు దాటడంలో ఆశ్చర్యమేమున్నది?

ఇక యుద్ధం. 1914కు ముందు బ్రష్షులకు కావలసిన వెంట్రుక చాలావరకు రష్యా వైపునుండి జర్మనీ, ఫ్రాన్సుల మీదుగా, అక్కడ శుద్ధి అయి వచ్చేది. మొదటి ప్రపంచయుద్ధం ఆ దారి మూసివేసింది. సరిగ్గా అదే సమయంలో బ్రష్షుల గిరాకీ పెరిగింది. లక్షలకొద్దీ యువకులు సైన్యంలో చేరారు. విషవాయువు తొడుగు ముఖానికి గట్టిగా పట్టాలంటే గడ్డం ఉండకూడదు. బ్రిటిషు సైన్యంలో 1916 వరకు మీసం గీయడానికి అనుమతి లేదుగాని, గడ్డం మాత్రం గీయవలసిందే. అమెరికా యుద్ధంలో దిగిన తరువాత జిల్లెట్ కంపెనీ ఆ సైన్యానికి సుమారు 35 లక్షల రేజర్లు సరఫరా చేసింది. రేజరు ఉన్నచోట బ్రష్షు ఉండాలి. ఇన్ని లక్షల బ్రష్షులకు బాడ్జర్లను ఎక్కడనుండి తెచ్చేది? చైనా, సైబీరియాల గుర్రపు వెంట్రుక నేరుగా వచ్చి పడింది. జపానులో కట్టిన బ్రష్షులు డజన్ల లెక్కన చవకగా దిగుమతి అయినవి.

1915 నుండి వైద్యులకు వింత రోగులు తగలసాగారు. చుబుకం మీదనో, చెంపమీదనో, మెడమీదనో చిన్న ఎర్రని పొక్కు. దురద ఉంటుంది, నొప్పి ఉండదు. రెండు మూడు రోజులలో చుట్టూ నీటిపొక్కులు లేచి, నడుమ నల్లని పెచ్చు కట్టేది. ముఖం, మెడ వాచిపోయేవి. వాపు గొంతుకు దిగితే ఊపిరి ఆడటమే కష్టం. పెనిసిలిను లేని రోజులు. చికిత్స లేకపోతే చర్మపు ఆంత్రాక్సు వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరిద్దరు చనిపోతారు.

ఆంత్రాక్సు అని గుర్తించడం కంటె అది ఎలా అంటిందో కనిపెట్టడం కష్టమైంది. ఉన్ని మిల్లులలో, తోళ్ళ మండీలలో పనిచేసేవారికి ఈ రోగం వస్తుందని ఇంగ్లండు వైద్యులకు అంతకుముందే తెలుసు. బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో దానిని ఉన్ని ఏరేవారి జబ్బు అనేవారు. కాని ఈ రోగులు పశువును ముట్టినవారు కారు, తోలు మోసినవారూ కారు. వారికి సమానంగా ఉన్నది ఒక్కటే: పుండు గడ్డం గీసుకునే తావులో లేచింది, దానికి కొద్దిరోజుల ముందు కొత్త బ్రష్షు కొన్నారు. మంగలికత్తి గీరిన సన్నని గాటు చాలు, నురుగుతోపాటు సిద్ధబీజం లోపలికి దిగడానికి.

అనుమానం నిజమో కాదో తేల్చిన పద్ధతి సులువైనది, ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. బ్రష్షునుండి వెంట్రుకలు కత్తిరించి, నీటిలో కడిగి, ఆ నీటిని సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కొంతసేపు వేడిచేస్తారు. మామూలు బాక్టీరియా చస్తుంది, సిద్ధబీజాలు మిగులుతాయి. మిగిలినవాటిని పోషకద్రవ్యం మీద పెంచి, సీమపందులకు ఎక్కించి చూస్తారు. రోగి వాడిన బ్రష్షులోనే కాదు, అదే సరుకులో ఎవరూ ముట్టని కొత్త బ్రష్షులలో కూడా ఆంత్రాక్సు బయటపడింది. అంటే రోగి బ్రష్షుకు అంటించలేదు, బ్రష్షే రోగికి అంటించింది.

ఇక్కడ పాఠకుడు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. కాక్ 1876లో సిద్ధబీజాన్ని చూపాడు. పాశ్చర్ 1881లో పుయ్యీ ల ఫోర్ అనే పల్లెలో గొర్రెలకు టీకాలు వేసి, ఆంత్రాక్సును ఆపవచ్చని అందరి ఎదుట రుజువు చేశాడు. ఒత్తిడిలో కాచిన ఆవిరికి సిద్ధబీజం చస్తుందని ప్రతి ప్రయోగశాలకూ తెలుసు. అంతెందుకు, చైనా, సైబీరియా, రష్యాల గుర్రపు వెంట్రుకను శుద్ధిచేయాలని బ్రిటనులో 1907లోనే నిబంధనలు వచ్చినవి. మరి 1915లో ఈ రోగం ఎలా దూరింది?

రెండు కంతలగుండా దూరింది. మొదటిది చట్టంలో ఉన్నది. 1907 నిబంధనలు ఫాక్టరీలో వెంట్రుకను చేతితో తాకే పనివాడిని కాపాడటానికి పుట్టినవి. జపానులో కట్టి, పిడి బిగించి, డబ్బాలో పెట్టి వచ్చిన బ్రష్షు వాటి దృష్టిలో వెంట్రుక కాదు, తయారైన సరుకు. దానిని వాడే మనిషి చెంప గురించి ఆ నిబంధనలలో మాట లేదు. రెండవది వ్యాపారంలో ఉన్నది. గట్టి ఆవిరి పడితే చలువచేసిన తెల్లని వెంట్రుక పసుపు తిరుగుతుంది, మెలి పడుతుంది. మామూలు నల్లవెంట్రుక అయితే ఎవరికీ పట్టింపు లేదు. కాని బాడ్జరులాగా కనబడటం కోసమే కదా ఇంత తంటా! వేషం చెడకుండా ఉండటానికి శుద్ధి తగ్గించారు. చవక కావడం వల్ల బ్రష్షు విషం కాలేదు. ఖరీదైనదిగా కనబడవలసి వచ్చినందువల్ల అయింది. నా మట్టుకు నాకు ఈ కథలో అన్నిటికంటె బాధ కలిగించే అంశం ఇదే.

ఆ తరువాత చర్యలు చకచకా సాగినవి. అమెరికా ప్రజారోగ్యశాఖ 1918లో శుద్ధిచేయని వెంట్రుకతో బ్రష్షులు కట్టడాన్ని అరికట్టే నిబంధనలు తెచ్చింది. ఇదివరకే కొన్నవారు బ్రష్షును నూటికి పదిపాళ్ళు ఫార్మలిను కలిపిన నీటిలో, సుమారు 43 డిగ్రీల వేడిలో, నాలుగు గంటలు నానవేయాలని సలహా ఇచ్చింది. బ్రిటనులో 1919లో ఆంత్రాక్సు నివారణ చట్టం వచ్చింది. 1920లో ఆ చట్టం క్రింద జపాను గడ్డం బ్రష్షుల దిగుమతినే నిషేధించారు. 2017లో అమెరికా రోగనివారణ కేంద్రాల పత్రికలో వెలువడిన ఒక సమీక్ష పాత వైద్య నివేదికలన్నీ వెదకి, 1915కూ 1924కూ మధ్య బ్రష్షులవల్ల అమెరికా సైన్యంలో 149 మందికి, బ్రిటిషు సైన్యంలో 28 మందికి, పౌరులలో యాభైమందికి పైగా ఆంత్రాక్సు వచ్చినట్లు లెక్క తేల్చింది. నమోదు కానివారు ఈ లెక్కలో లేరు.

తరువాతి కథ కొంచెమే. 1938లో పళ్ళ బ్రష్షులతో నైలాను పోగు బజారుకు వచ్చింది. క్రమంగా గడ్డం బ్రష్షులకూ కృత్రిమ పోగు అమరింది. బ్రిటనులో బాడ్జరును కాపాడే చట్టాలు 1973లోను, 1992లోను వచ్చినవి. ఇప్పుడు బ్రష్షులకు వాడే బాడ్జరు వెంట్రుక ఎక్కువభాగం చైనానుండి వస్తున్నది. తమాషా ఏమిటంటే, ఇప్పటి కృత్రిమపు పోగుకు కూడా నడుమ నల్లని పట్టీ అద్దుతున్నారు. ఆ పోగు ఏ జంతువు తోకనుండీ రాలేదు కనుక దాన్ని చూచి భయపడనక్కరలేదు.

పాత వస్తువులు సేకరించే సరదా ఉన్నవారు మాత్రం ఒక సంగతి గమనించాలి. 1920 తరువాతి బ్రష్షుల పిడులమీద చాలాచోట్ల తయారీదారు పేరు ప్రక్కనే, శుద్ధి చేయబడినది అనే అర్థం వచ్చే ముద్ర కనబడుతుంది. ఈనాడు చూచేవారికి అది అలంకారంలాగా తోస్తుంది. ఆ ముద్ర లేని, యుద్ధకాలం నాటి గుర్రపు వెంట్రుక బ్రష్షు తాతగారి పెట్టెలో దొరికితే, దానివల్ల అపాయం బహు స్వల్పమేగాని బొత్తిగా లేదని చెప్పడానికి వీలులేదని పైన చెప్పిన 2017 నాటి సమీక్ష రాసినవారు హెచ్చరించారు. అటువంటిదానిని అద్దాల బీరువాలో పెట్టి చూచుకోవచ్చు, చెంపకు తగిలించకూడదు.