కిన్వట్ స్టేషను నుండి మాహూరు వరకు

ఒక యూరి చరిత్ర తెలియవలెనన్న కోటలను, దేవాలయములను చూచిన మాత్రమే చాలదు; జనులు ఆ యూరికి ఏ దారిని వచ్చుచున్నారో కూడ చూడవలెను. మాహూరు పట్టణమునకు రైలు లేదు. రేణుకామాత దర్శనార్థము తెలుగునాటి నుండి రైలులో వచ్చువారు సుమారు 50 కిలోమీటర్ల దూరముననున్న కిన్వట్‌లో దిగి రోడ్డు దారిని పోవుదురు.

కిన్వట్ స్టేషను పరిసరములలో బోర్డులు మరాఠీలో నున్నను, అంగళ్ళ యొద్ద బేరమాడునప్పుడు తెలుగు మాటలును వినబడును. దీనికి కారణము చరిత్రలో నున్నది. మాహూరుతో కూడిన కిన్వట్ తాలూకా హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. 1956 నవంబరు 1న భాషల ననుసరించి రాష్ట్రములు ఏర్పడినపుడు అది నాందేడు జిల్లాలో చేరి బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1న మహారాష్ట్రమునకును చెందినది. సరిహద్దు గీత నడుమ పడినను బంధుత్వములు తెగలేదు.

రైలుమార్గము కూడ ఆ గీతను పాటింపలేదు. నిజాము కాలమున వేసిన ముద్‌ఖేడ్-ఆదిలాబాదు మీటరుగేజి మార్గము తరువాత బ్రాడుగేజి అయినది. నేటికిని సికింద్రాబాదు నుండి నిజామాబాదు మీదుగా ఆదిలాబాదు పోవు రైలు బాసర దాటి, ధర్మాబాదు వద్ద మహారాష్ట్రమున ప్రవేశించి, ముద్‌ఖేడ్, భోకర్, కిన్వట్‌ల మీదుగా తిరిగి తెలంగాణము చేరవలసినదే. సొంత జిల్లా కేంద్రమునకు పొరుగు రాష్ట్రము గుండా పోవుట వింతగా తోచును గాని, మార్గము వేసిన నాడు అదంతయు ఒకే రాజ్యము!

మాహూరు ఈ రాకపోకలకు చిరకాలముగా వాకిలి. బహమనీ సుల్తానుల కాలముననే దాని కోట కొరకు పోరాటములు జరిగినవి. మొగలుల పాలనలో అది బేరారు సుబాలోని ఒక సర్కారు. తండ్రి జహంగీరుపై తిరుగబడిన ఖుర్రము, అనగా తరువాతి షాజహాను, 1623లో ఏనుగులను, బరువైన సామగ్రిని ఈ కోటలో నుంచి, గోల్కొండ రాజ్యము గుండా మచిలీపట్టణము వైపు సాగెను.

భక్తులకు మాత్రము మాహూరు తల్లి యూరు. మాతాపురమను పేరిలోని 'పురము' స్థానమున తెలుగువారి 'ఊరు' చేరి మాహూరైనదని స్థానికులు చెప్పుదురు. ఇది పండితులు నిర్ణయింపవలసిన విషయమే యైనను, రెండు భాషలు కలిసిన తీరును ఆ కథ చక్కగా చూపుచున్నది. రేణుక, దత్తాత్రేయుడు, అనసూయ అను మువ్వురకు మూడు కొండలు. మరాఠీ భక్తులకు రేణుకామాతయైన దేవి తెలుగు పల్లెలకు ఎల్లమ్మ. ఇక్కడ దంచిన తాంబూలమే ప్రసాదము. దానిని అందుకొను చేతులకు భాషాభేదము లేదు.

అయినను ఇంటిలో మాత్రమే నిలిచిన భాష, చదువులో చోటు లేనిచో, కొన్ని తరములలో తన పాటలను, సామెతలను పోగొట్టుకొనును. 1956 నాటికి పదేండ్లు నిండినవారు నేడు 80 ఏండ్లకు చేరువైనారు. వారి నోటనున్న ఎల్లమ్మ పాటలను, ఆనాటి జ్ఞాపకములను వ్రాసికొనుట మన సంఘములకు తగిన పని. కోట గోడలు ఇంకను కొంతకాలము నిలుచును. ముసలివారి మాట నిలువదు.