‘కాస్త తక్కువ’: ఒక నియమానికి వ్యాఖ్యానం

వాక్యం: ఆవిరి పీడనం కాస్త తక్కువగా ఉండి, మెల్లగా పెరుగుతూ ఉంటే, వేడిని కొద్దిగా పెంచాలి.

అవతారిక: లండన్‌లోని క్వీన్ మేరీ కళాశాలలో ఇబ్రహీం మమ్దానీ, ఆయన విద్యార్థి అసిలియాన్ ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని ఇలాంటి నియమాలతో నడిపించారు. ఆ వివరాలను 1975లో ప్రచురించారు. దానికి పునాది లోట్ఫీ జాదే 1965లో ప్రతిపాదించిన ఫజీ (మసక) సమితులు. యంత్రం నడిపే మనిషి నోటిమాట కంప్యూటర్‌కు ఎలా అర్థమైందో పదం పదంగా చూద్దాం.

కాస్త తక్కువగా: మామూలు తర్కం ఒక గీత గీసి, దానికి ఇవతలంతా తక్కువ, అవతలంతా కాదు అంటుంది. నిపుణుడి మనసులో ఆ గీత లేదు. నీళ్లు గోరువెచ్చన, వెచ్చన, వేడి అంటాం. ఏది ఏ డిగ్రీ దగ్గర ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, అయినా పసిపిల్లల స్నానానికి నీళ్లు సరిగ్గానే కలుపుతాం. ఈ సమితులతో నడిచే ఫజీ తర్కం ప్రతి కొలతకూ 0 నుంచి 1 దాకా సభ్యత్వం ఇస్తుంది; ఏ కొలతకు ఎంతో ఒక రేఖగా గీస్తారు. ఇప్పటి పీడనం ‘కాస్త తక్కువ’కు 0.6 మేరకు, ‘సరిపడా’కు 0.4 మేరకు చెందుతుందనుకుందాం. ఈ 0.6 సంభావ్యత కాదు. రేపు వాన పడే అవకాశం 0.6 అంటే, ఆ సందేహం రేపటితో తీరిపోతుంది. ఇక్కడ మీటరు పీడనాన్ని స్పష్టంగానే చూపిస్తోంది. మసక ఉన్నది మాట పొలిమేరలో. ఎంత కొలిచినా అది చెరగదు.

ఉండి: రెండు షరతుల్ని కలిపే మాట. ‘మెల్లగా పెరగడం’ 0.3 మేరకే నిజమైతే, రెండు విలువల్లో చిన్నదైన 0.3నే తీసుకుంటారు.

ఉంటే: షరతు 0.3 మేరకు నెరవేరితే నియమమూ ఆ మేరకే పనిచేస్తుంది. అదే క్షణంలో ‘పీడనం సరిపడా ఉంటే వేడిని అలాగే ఉంచాలి’ అనే నియమం 0.4 మేరకు పలుకుతుంది. ఏదీ రెండోదాని నోరు మూయించదు. ఈ ‘మేర’ నమ్మకానికి కొలత కాదు. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో తయారైన వైద్య నిపుణ వ్యవస్థ మైసిన్ లెక్కించిన సందేహం వేరు. ఈ లక్షణాలుంటే ఈ క్రిమే అన్న నిర్ణయాన్ని ఎంత నమ్మవచ్చో అది −1 నుంచి +1 దాకా అంచనా వేసింది.

కొద్దిగా పెంచాలి: యంత్రానికి చివరికి ఒకే అంకె కావాలి. అన్ని నియమాల ఫలితాల రేఖలనూ కలిపి, వాటి కింద ఏర్పడిన ఆకారపు గురుత్వ కేంద్రాన్ని తీసుకోవడం బాగా తెలిసిన పద్ధతి.

తాత్పర్యం: నిపుణుడు ‘కాస్త’ అన్నది తెలియక కాదు, బాగా తెలిసే. ఒక్క అంకె చెప్పమని పట్టుబడితే ఆ అనుభవం జారిపోతుంది. అయితే సభ్యత్వపు రేఖలు గీసేది మనుషులే. రేఖ తప్పితే, లెక్క ఎంత సరైనా తీర్పు తప్పుతుంది. అందుకే గీసేవారు ముందు నిపుణుడి పక్కన కూర్చుని, ఆయన ‘కాస్త’ ఎంతో ఓపికగా తెలుసుకోవాలి.