నిరాశ్రయుని కుంచెలో క్రీస్తు

శతవార్షికోత్సవ సంచికలో మన దేవాలయముల, పాఠశాలల, ఆసుపత్రుల చరిత్ర వ్రాసికొనుట సముచితమే. అయితే సంఘమునకు వెలుపల నిలిచి మన ప్రభువును చూచిన ఒక కన్ను కూడ మనకు పాఠము చెప్పగలదని మేము నమ్ముచున్నాము. అందుచేత చిత్రకారులు క్రిషన్ ఖన్నా గారి చరిత్రను సంఘస్థుల ముందుంచుచున్నాము.

ఖన్నా గారు 1925 జూలై 5న, నేడు పాకిస్తానులోనున్న లయల్‌పూరులో ఒక హిందూ కుటుంబమున జన్మించి లాహోరులో పెరిగినారు. తండ్రిగారు విదేశయానము నుండి లియొనార్డో చిత్రించిన ప్రభురాత్రి భోజనపు పటము నకలు ఒకటి తెచ్చినారు. ఆ పసివాడు దానిని చూచి గీయబూనినాడు. పిమ్మట ఇంగ్లండులో చదివి వచ్చి, లాహోరు మేయో కళాశాల సాయంకాలపు తరగతులలో చిత్రలేఖనము అభ్యసించినారు. మిగిలినదంతయు స్వయంకృషియే.

1947లో దేశము రెండైనది. కోటిమందికి పైగా ఇల్లు వాకిలి విడిచి సరిహద్దు దాటినారు, లక్షలమంది హతులైనారు. ఆ ఆగస్టులోనే ఖన్నా కుటుంబము లాహోరు విడిచి సిమ్లా చేరినది. పుట్టిన నేల పరదేశమైపోయినది. శరణార్థుల రైలు కొరకు గంటల తరబడి కాచుకొన్న జనమును ఆయన ఆ రోజులలోనే చిత్రించినారు.

1948లో బొంబాయి గ్రిండ్లేస్ బ్యాంకులో ఉద్యోగము దొరికినది. పగలు ఖాతాలు, రాత్రి రంగులు. హుసేన్ మొదలగు ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు వారు మిత్రులైనారు. గాంధీజీ మరణవార్తను వీధిదీపము క్రింద ఎవరికి వారు పత్రికలో చదువుకొనుచున్న నానాజాతుల జనము ఆయనకు పేరు తెచ్చిన తొలి చిత్రములలో ఒకటి. ఉద్యోగరీత్యా మద్రాసులోను కొన్నేండ్లున్నారు. 1961లో, భార్యాబిడ్డలు గలవారై యుండియు, జీతపురాళ్లను వదలి కుంచెనే నమ్ముకొన్నారు.

అటుపిమ్మట ఢిల్లీలో ఆయన కన్ను లారీల వెనుక దుమ్ముకొట్టుకొనిపోయిన కూలీలపై నిలిచినది. ఆ కాలముననే క్రీస్తు చిత్రములును వెలువడినవి: యూదా ద్రోహము, కడరా భోజనము, ఎమ్మాయు. వీటిలో మన గోడలపై వ్రేలాడు నీలికన్నుల, పట్టువస్త్రముల క్రీస్తు కానరాడు. నిజాముద్దీన్ వీధులలో ఎదురుపడు ఫకీరుల, కష్టజీవుల పోలికలే ప్రభువునకును శిష్యులకును వచ్చినవి.

ఇది చిత్రకారుని కల్పన మాత్రమేనా? మత్తయి రెండవ అధ్యాయము తెరచి చూడుడి. హేరోదు కత్తికి వెరచి రాత్రికి రాత్రి ఐగుప్తునకు తరలిన శిశువు శరణార్థి కాక మరెవరు? లూకా చివరి అధ్యాయములో ఎమ్మాయు త్రోవలో కలిసినవానిని శిష్యులు పరదేశి అనుకొన్నారు. రొట్టె విరిచినప్పుడు గాని గుర్తుపట్టలేదు. బాప్తిస్మము పొందని ఒక నిరాశ్రయుడు గుర్తుపట్టిన ముఖమును, ప్రతి ఆదివారము రొట్టె విరుచు మనము గుర్తుపట్టుచున్నామా? ఈ ప్రశ్న మమ్మును విడువకున్నది.

2025లో ఖన్నా గారికి నూరేండ్లు నిండినవి. మన అధ్యక్ష ఖండమునకును నూరేండ్లు నిండినవి. ముంపు గ్రామములు విడిచినవారు, పొట్టచేతబట్టుకొని వలస వచ్చినవారు నేడు మన ఊళ్ల చివర టార్పాలిన్ల క్రింద కాపురమున్నారు. ఈ ఉత్సవపు ప్రేమవిందులో తొలి పంక్తి వారికే వేయవలెనని ప్రతి పాస్టరేటును మేము వేడుకొనుచున్నాము.