మేనరికం నుండి వంశపారంపర్య క్యాన్సర్ దాకా: పశ్చిమ కర్నూలు నేపథ్యంలో ఒక పరిశోధనా చరిత్ర

1. ఉపోద్ఘాతం

జన్యు పరిశోధన అనగానే ప్రయోగశాల గుర్తుకు వస్తుంది. కానీ మానవ జన్యుశాస్త్రానికి తొలి సాధనం వంశవృక్షం. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పగల కుటుంబ జ్ఞాపకమే దానికి ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలపై జరిగిన అధ్యయనాన్ని, అందులో పాల్గొన్న ఒక శాస్త్రవేత్త తరువాతి కాలంలో చేసిన క్యాన్సర్ పరిశోధనను ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ప్రాంతం - బంధుత్వ వ్యవస్థ

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగం. ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప కృషితో 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం ఏర్పడింది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే ఈ సీమలో వివాహ సంప్రదాయాలు కూడా ఒకటి కాదు. తెలుగు, కన్నడ హిందూ కుటుంబాలలో మేనమామ, మేనత్త పిల్లలు వరసైనవారు. అక్క కూతురిని మేనమామ పెళ్ళాడడమూ ఆచారంలో ఉంది. పెదనాన్న, చిన్నాన్న పిల్లలు తోబుట్టువులతో సమానం కనుక వారి మధ్య వివాహం నిషిద్ధం. ముస్లిం కుటుంబాలలో ఆ నిషేధం లేదు. అందువల్ల ఇక్కడ వంశవృక్షం గీసే వైద్యుడు ఈ రెండు పద్ధతులనూ ఎరిగి ఉండాలి.

3. మేనరికాలపై అధ్యయనం

ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరాడు. రక్తసంబంధీకుల వివాహాలు విస్తారంగా జరిగే దక్షిణ భారతం మానవ జన్యుశాస్త్రానికి ముఖ్యమైన క్షేత్రమని ఆయన గుర్తించాడు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి వివాహాలు ఎంత తరచుగా జరుగుతున్నాయి, వాటి ఫలితాలు ఏమిటి అన్నది పరిశీలించాడు. ఆ పరిశోధన 1963లో 'జర్నల్ ఆఫ్ జెనెటిక్స్' పత్రికలో వెలువడింది.

బిడ్డకు తల్లిదండ్రుల నుండి వచ్చిన రెండు జన్యు ప్రతులూ ఒకే పూర్వికుని ప్రతి నుండి వచ్చి ఉండే సంభావ్యత మేనమామ-మేనకోడలి వివాహంలో 1/8, బావామరదళ్ళ వివాహంలో 1/16. ఈ సంభావ్యత పెరిగిన కొద్దీ, రెండు ప్రతులూ లోపభూయిష్టమైతేనే బయటపడే అంతర్గత జన్యు వ్యాధుల అవకాశం కూడా పెరుగుతుంది.

4. మాట - జన్యువు

ఆంగ్లంలోని 'కజిన్' అనే ఒక్క మాట చెప్పలేని భేదాన్ని తెలుగు 'మరదలు', 'చెల్లెలు' అని విడదీసి చెబుతుంది. అయితే 'మరదలు' కూడా అన్ని భేదాలనూ చెప్పదు. మేనమామ కూతురూ మరదలే, మేనత్త కూతురూ మరదలే. ఎక్స్ క్రోమోజోము విషయంలో ఈ ఇద్దరూ సమానం కారు. పురుషునికి ఎక్స్ క్రోమోజోము తల్లి నుండి మాత్రమే వస్తుంది. అందుచేత మేనమామ కూతురిని పెళ్ళాడినప్పుడు పుట్టే ఆడబిడ్డలో ఎక్స్ జన్యువుల విషయమై పై సంభావ్యత 1/8 కాగా, మేనత్త కూతురి విషయంలో అది శూన్యం. కనుక 'మేనరికం' అని నమోదు చేసి ఊరుకుంటే చాలదు, ఏ వైపు మేనరికమో అడగాలి.

5. క్యాన్సర్ పరిశోధన వైపు

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పురీషనాళ క్యాన్సర్‌తో మరణించాడు. మీరాఖాన్ తరువాతి కాలంలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మానవ జన్యుశాస్త్ర పరిశోధన కొనసాగించి, వంశపారంపర్యంగా వచ్చే పెద్దప్రేగు క్యాన్సర్‌పై కృషి చేశాడు. 1991లో వెలువడిన 'ఆమ్‌స్టర్‌డామ్ ప్రమాణాల' రచయితలు నలుగురిలో ఆయన ఒకరు. కుటుంబంలో కనీసం ముగ్గురికి ఈ క్యాన్సర్ వచ్చి ఉండాలి, వారిలో ఒకరు మిగిలిన ఇద్దరికీ అత్యంత దగ్గరి రక్తసంబంధీకులై ఉండాలి, వ్యాధి వరుసగా రెండు తరాలలో కనిపించాలి, కనీసం ఒకరికి 50 ఏళ్ళలోపు బయటపడాలి అన్నవి వాటిలో ప్రధానమైనవి. ఎం.ఎస్.హెచ్.2 అనే కారక జన్యువును 1993లో గుర్తించారు. అంతకుముందు కుటుంబాలను గుర్తించడానికి వంశవృక్షమే ప్రధాన ఆధారం.

ఈ వ్యాధి బహిర్గత లక్షణంగా సంక్రమిస్తుంది, దానికి మేనరికం కారణం కాదు. అయితే భార్యాభర్తలిద్దరూ ఒకే లోపాన్ని మోస్తే బిడ్డకు రెండు లోపభూయిష్ట ప్రతులూ చేరి, బాల్యంలోనే క్యాన్సర్ వచ్చే అరుదైన స్థితి ఏర్పడవచ్చు. మేనరికం ఆ అవకాశాన్ని పెంచుతుంది.

6. ముగింపు

కర్నూలులో వైద్య కళాశాల ఉంది. ఆదోని నుండి అక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు. కరువు కాలంలో సుగ్గికి వలసపోయే కుటుంబాలలో ఒకరి జబ్బు ఒక ఊరి ఆసుపత్రిలో, మరొకరి మరణం మరొక ఊరిలో నమోదవుతాయి. 'మా అత్త కూడా కడుపు జబ్బుతోనే పోయింది' అన్న మాట చీటీలోకి ఎక్కకపోతే, ముందుగా పరీక్ష చేయించుకొని బతకగలిగిన మేనల్లుడు ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతాడు. ఆ 'అత్త' తండ్రి తోబుట్టువా, మేనమామ భార్యా అన్న ప్రశ్న కూడా అక్కడే అడగాలి. మొదటి సందర్భంలో ఆమె రక్తసంబంధీకురాలు, రెండవ సందర్భంలో సాధారణంగా కాదు. వరసలను సరిగా అడిగి రాసుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఈ ప్రాంతపు బంధుత్వ పదజాలాన్ని వైద్య విద్యలో భాగం చేయడం తెలుగు అధ్యయనం, జన్యుశాస్త్రం కలిసి చేయదగిన పని.