బోర్డు హైస్కూలు నుంచి కాన్వెంటు దాకా

ఏటా జూన్ నెల దగ్గర పడేసరికి మన ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లవాణ్ణి ఊళ్ళో సర్కారు బడిలో వేద్దామా, పచ్చ బస్సు ఇంటి ముందుకొచ్చి ఎక్కించుకుపోయే కాన్వెంటులో వేద్దామా అని. ఈ తర్జనభర్జన మన కాలంలోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏదో ఒక రూపంలో ఇది రెండు వందల ఏళ్ళుగా సాగుతూనే ఉంది. ఏ బడి ఎవరిది, ఏ బడికి డబ్బు కట్టాలి, ఏ బడికి వెళ్తే గౌరవం అన్నవే మారుతూ వచ్చాయి. ఒకటి రెండుసార్లు పూర్తిగా తలకిందులయ్యాయి కూడా. స్వర్ణోత్సవ సంచిక అనగానే మాస్టార్ల జ్ఞాపకాలు, హాస్టలు ముచ్చట్లు రాయడం ఆనవాయితీ. అవి రాసే మిత్రులు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు గనుక, నేను ఈ తలకిందులైన కథ చెబుతాను.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క తీసి పంపమని కలెక్టర్లను అడిగాడు. ఆ లెక్కలన్నీ వచ్చాక 1826 మార్చిలో ఆయన రాసిన మినిట్ ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు ఉన్నారు. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో కలిసి ఉన్న బళ్ళారి జిల్లాలోనే 533 బడులు లెక్కకు వచ్చాయి. వాటిలో 226 తెలుగు బడులు. ఇవన్నీ వీధి అరుగుల మీద, గుడి మండపాల్లో, పంతులుగారి పంచలో నడిచిన బడులే. ఇంచుమించు వేటికీ సర్కారు జీతం లేదు. పిల్లల తండ్రులు నెలకింత అని ఇచ్చే డబ్బు, గింజలు, పండగ మామూళ్ళు, ఇవే పంతులుగారి జీవనాధారం. నేటి మాటల్లో చెప్పాలంటే మన్రో లెక్కపెట్టినవి దాదాపుగా ప్రైవేటు బడులు.

ఆ కాలపు బడి గొప్పదనం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికను తప్పక చూడాలి. ఆయన పల్లెల్లోని పేదరికాన్ని దాచకుండా రాశాడు. మధ్యతరగతివాళ్ళు, అంతకంటే కిందివాళ్ళు పిల్లల చదువు ఖర్చు భరించలేకపోతున్నారని, పిల్లల చేతులు కాస్త పనికొచ్చే వయసు రాగానే బడి మాన్పిస్తున్నారని. ఫీజు కట్టలేక చదువు ఆగిపోవడం, అక్షరాలా, మన బడుల చరిత్రలో మొదటి పేజీలోనే ఉంది. ఇక ఆ అరుగు ఎక్కడానికే వీల్లేని కులాల పిల్లల మాట ఆ లెక్కల్లో ఎక్కడ వెతికినా పెద్దగా కనిపించదు.

ఆ తలుపు మొదట తెరిచింది సర్కారు కాదు, మిషనరీలు. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. ఒంగోలు, గుంటూరు, నెల్లూరు ప్రాంతాల్లో మిషన్ బడులు మాల మాదిగ పిల్లల్ని పలక పట్టించాయి. 1854 నాటి ఉడ్ డిస్పాచ్ తర్వాత ప్రైవేటువాళ్ళు నడిపే బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి మొదలైంది. మనం నేటికీ ‘ఎయిడెడ్’ అంటున్న మాటకు పుట్టుక అదే. ఆడపిల్లల చదువుకు ఊరంతా అడ్డం తిరుగుతున్న రోజుల్లో 1874లో వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. ప్రైవేటు అంటే లాభం అన్న అర్థం అప్పటికింకా రాలేదు. సర్కారు చేయని పని ఎవరో ఒకరు నెత్తికెత్తుకోవడమే ప్రైవేటు. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావుగారు, మిత్రులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల అయితే ఒక అడుగు ముందుకు వేసి, సర్కారు చదువే మాకొద్దంది. అక్కడ పుస్తకంతో పాటు చేతిపనీ నేర్పేవారు.

1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చాక బోర్డు స్కూళ్ళు పుట్టాయి. మన తాతల తరం ‘బోర్డు హైస్కూలు’ అన్నప్పుడు ఆ మాటలో ఉండే బరువు ఇప్పటివాళ్ళకు తెలియదు. ఫస్టు ఫారం నుంచి సిక్స్తు ఫారం దాకా, చివర ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం చేతికి. తాలూకా మొత్తానికి అలాంటి హైస్కూలు ఒకటో రెండో ఉండేవి. అందులో సీటు దొరకడమే ఒక హోదా. అది ఉచితం కాదు! టర్ముకింతని ఫీజు కట్టాల్సిందే. పల్లె నుంచి వచ్చిన పేద బ్రాహ్మణ కుర్రాడు ఏడిళ్ళలో వారాలు చేసుకుని చదువుకునేవాడు. మిగిలిన కులాల కుర్రాళ్ళు సంఘాల హాస్టళ్ళలోనో, చుట్టాల వసారాల్లోనో సర్దుకునేవారు. ఏ వారాలూ దొరకని ఇంటి పిల్లవాడు పశువుల వెంట వెళ్ళేవాడు. సర్కారు బడి అంటే పేదల బడి అన్న మాట చరిత్రలో చాలా ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు చాలాకాలం అది ఉన్నవాళ్ళ బడి.

గోదావరి, కృష్ణా తీరాల కథ ఇది. నిజాం రాజ్యంలో సంగతి వేరు. అక్కడ సర్కారు బడి అంటే ఉర్దూ బడి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో లెక్కలు, చరిత్ర అన్నీ ఉర్దూలో నేర్చుకోవాలి. ఖానగీ బడి, అంటే ప్రైవేటు బడి, పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ ఆంక్షలు తీసేయమని ఆంధ్ర మహాసభలు తీర్మానాలు చేస్తూ వచ్చాయి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదు నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల నెలకొల్పింది ఈ గాలిలోనే. అంటే ఆనాటి హైదరాబాదులో తల్లి తన కూతురికి తెలుగులో చదువు చెప్పించాలనుకుంటే ప్రైవేటు బడికి పంపాలి. ఇప్పుడు అదే ఊళ్ళో తెలుగు మీడియం ఎక్కడుందని వెతికితే సర్కారు బడి గుమ్మం దగ్గరికే చేరతాం, అదీ మిగిలి ఉంటే. ఒక్క శతాబ్దంలో ఇంత తిరగబడ్డ మాట నాకు ఇంకొకటి తెలియదు.

ఆ ఊళ్ళోనే ఇంకో తమాషా కూడా ఉంది. జాగీర్దార్ల కొడుకుల కోసం 1923లో బేగంపేటలో పెట్టిన జాగీర్దార్స్ కాలేజీ, జాగీర్లు పోయాక, 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. పబ్లిక్ అంటే ప్రజల బడి కాబోలు అనుకుని ఫీజు అడిగితే తెలుస్తుంది అర్థం. ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన మాట అది, అక్కడా అదే అర్థం. ఇప్పుడు మన మండల కేంద్రాల్లో కూడా రేకుల షెడ్డు మీద ‘పబ్లిక్ స్కూల్’ బోర్డులు కనిపిస్తాయి.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 45వ అధికరణంలో, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాసుకున్నాం. ఆ గడువు 1960తో తీరిపోయింది. 1959లో పంచాయతీరాజ్ వచ్చి జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. బోర్డు హైస్కూళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళయ్యాయి. మన సంఘంలోని పెద్దలంతా ఆ బోర్డు కింద నుంచి లోపలికి నడిచినవాళ్ళే. కరణంగారబ్బాయి, డాక్టరుగారమ్మాయి, చాకలి ఇంటి కుర్రాడు, రైతుకూలీ కొడుకు ఒకే గదిలో ఒకే మాస్టారి చేతి దెబ్బలు తిన్న కాలం అది. ఆ కాలాన్ని బంగారం చేసి చెప్పడం నాకిష్టం లేదు. పాత క్లాసు ఫోటోలు తీసి చూడండి. పదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలు ఎందరు మిగిలారో, దళితవాడ నుంచి ఎందరు మిగిలారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒకే బడి అన్నది నిజమే, ఆ బడి చివరిదాకా అందరూ రాలేదన్నదీ నిజమే.

1964-66 కొఠారీ కమిషన్ ఈ ఒకే బడి అన్న ఆలోచననే దేశమంతటికీ సిఫారసు చేసింది. ఊళ్ళో అందరి పిల్లలూ దగ్గరి బడికే వెళ్ళాలి, అప్పుడే పలుకుబడి ఉన్నవాళ్ళకు ఆ బడి బాగుండాలన్న పట్టింపు ఉంటుంది అని. ఆ సిఫారసు పుస్తకాల్లో ఉండిపోయింది. మన రాష్ట్రంలో వేరే ప్రయోగం జరిగింది. పి.వి. నరసింహారావుగారి చొరవతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వచ్చింది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్ళి. పల్లెటూరి తెలివైన పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరి, ఉచితంగా ఉంచి చదివించారు. అక్కడి నుంచి ఐ.ఏ.ఎస్.లు, డాక్టర్లు వచ్చారు. ఆ ఏరివేత వల్ల మామూలు హైస్కూలు తరగతి గదిలో ముందు బెంచీ కొంచెం ఖాళీ అయిందన్న మాట మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు.

ముందు బెంచీని అసలుగా ఖాళీ చేసింది డెల్టాలో మిగులు డబ్బు, ఇంజనీరింగు సీటు. పచ్చ విప్లవం తర్వాత వరి, పొగాకు, మిర్చి తెచ్చిన రూపాయి పొలంలోకి తిరిగి పోకుండా పిల్లల చదువు మీదికి మళ్ళింది. గుంటూరు, విజయవాడ, గుడివాడ వైపు రెసిడెన్షియల్ స్కూళ్ళు వెలిశాయి. సర్కారు కొత్త బడులకు గ్రాంటు ఇవ్వడం దాదాపు మానేసింది. కనుక కొత్తగా పుట్టిన ప్రతి బడీ ఫీజు మీదే బతకాలి. బి.ఇడి. చేసి ఉద్యోగం దొరకని కుర్రవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, తక్కువ జీతానికి టీచర్లు దొరికారు. సన్యాసిని మొహం ఎరగని బడులు కూడా కాన్వెంట్లయ్యాయి. టై, బూట్లు, డైరీ, ఇంగ్లీషు రైములు. తండ్రికి కళ్ళకు కనిపించే సాక్ష్యం అదే. లోపల లెక్కలు ఎలా చెబుతున్నారో ఆయన ఎలా చూడగలడు?

దానికి సమాధానం దొరికే పరిశోధన ఒకటి మన గడ్డ మీదే జరిగింది. 2008 నుంచి నాలుగేళ్ళ పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ప్రైవేటు బడికి వెళ్తామని దరఖాస్తు పెట్టుకున్న పల్లె పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్ళకు ఫీజు కట్టారు. గెలిచినవాళ్ళనీ, ఓడి సర్కారు బడిలోనే ఎక్కువగా ఉండిపోయినవాళ్ళనీ నాలుగేళ్ళ తర్వాత పరీక్షించారు. తెలుగులో, లెక్కల్లో ఇద్దరికీ తేడా లేదు. ఇంగ్లీషు, సైన్సు, సోషల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో బాగా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడిలో హిందీ చెప్పరు కాబట్టి అందులో వింతేమీ లేదు. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ గంటలు కేటాయించి, ఆ సమయం మిగిలిన సబ్జెక్టులకు ఇచ్చాయి. అయినా ఆ రెంటిలో వెనకబడలేదు. ఒక్కో పిల్లవాడి మీద వాటి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

ప్రైవేటువాళ్ళు ఖర్చు సంగతి చెప్పి చంకలు గుద్దుకున్నారు. మన ఉపాధ్యాయ మిత్రులు మార్కుల సంగతి చెప్పారు. రెండూ నిజమే. ఆ తక్కువ ఖర్చు వెనక ఉన్నది ఇంటర్‌తోనో డిగ్రీతోనో ఆగిపోయి, నెలకు కొద్దిపాటి జీతానికి ఉదయం నుంచి సాయంత్రం దాకా నిలబడి చెప్పిన ఆడపిల్ల కష్టం అన్నది కూడా నిజం. ఈ ప్రయోగం పల్లెటూరి ప్రాథమిక బడుల గురించి. లక్షల ఫీజుల నగర పాఠశాలలకు దీన్ని అంటగట్టకూడదు. అయితే ‘వాడు ప్రైవేటుకు వెళ్తే లెక్కలు వచ్చేస్తాయి’ అనుకునే తండ్రికి మాత్రం ఇది పనికొస్తుంది. బడి పేరు మారినంత మాత్రాన రావు.

తర్వాతి పరుగు మీకు తెలిసిందే. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు పేదలకివ్వమంది. 2015లో అలహాబాదు హైకోర్టు, సర్కారు జీతం తీసుకునేవాళ్ళ పిల్లలు సర్కారు బడిలోనే చదవాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అది కాగితం దాటి రాలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడులన్నిటా ఇంగ్లీషు మీడియం అంటూ జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణలో 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి డబ్బు, బిడ్డ సర్కారు బడిలో ఉన్నా ప్రైవేటులో ఉన్నా ఒకటేగా తల్లి ఖాతాలో పడింది. తల్లి ఏది ఎంచుకున్నా సర్కారుకు సమ్మతమేనన్న మాటను ఇంత స్పష్టంగా అంతకుముందు ఏ ప్రభుత్వమూ చెప్పలేదు.

మన సంఘం సభ్యుల పిల్లలు, మనవలు ఎక్కడ చదివారని అడగడం నా ఉద్దేశం కాదు. ఇంజనీరింగు సీటు కోసం పిల్లల్ని వేరే ఊరు పంపిన తండ్రి తనకు కనిపించిన లెక్క ప్రకారం సరిగానే పంపాడు. అయితే ఆ పిల్లలతో పాటు బడి నుంచి ఇంకొకటి కూడా వెళ్ళిపోయింది. మాస్టారు రాకపోతే ఆరా తీసే గొంతు. డి.ఇ.ఓ. ఆఫీసు మెట్లెక్కి, ఇంగ్లీషులో అర్జీ రాసి, సైన్సు టీచరు పోస్టు ఎందుకు ఖాళీగా ఉందని అడగగలిగిన తండ్రి. కొఠారీ చెప్పింది ఇదే.

ఇప్పుడు ఆ గొంతుకు చట్టం ఇచ్చిన చోటు పాఠశాల యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం మూడొంతులు, అంటే నూటికి డెబ్బై ఐదు మంది, అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు కావాలి. కూలికి వెళ్ళే తల్లికీ అందులో కుర్చీ ఉంది. కాని సమావేశం పనివేళ పెడితే ఆమె ఒక రోజు కూలి వదులుకుని రావాలి. వచ్చినా, ముందే రాసి ఉంచిన తీర్మానాల పుస్తకంలో వేలిముద్రో సంతకమో పెట్టి వెళ్ళడమే చాలా చోట్ల జరిగేది. సమావేశం సాయంత్రం ఆరు తర్వాత పెట్టమని హెడ్మాస్టరుగారిని అడగడానికి, ఆ తీర్మానాలు ఆమెకు చదివి వినిపించే మనిషిని ఊళ్ళో ఒకరిని చూడడానికి మన సంఘానికి ఖర్చేమీ కాదు. ఈ జూన్‌లో ఆరో తరగతిలో చేరే పిల్లల తల్లులతోనే మొదలుపెట్టవచ్చు.